బైక్ బ్యాటరీ మాటిమాటికీ డౌన్ అవుతోందా? కొత్తది కొనే ముందు మల్టీమీటర్ తో ఇవి చెక్ చేయండి

ఈ సైట్ లో నేను మామూలుగా ఫోన్లు, ఛార్జర్లు, పవర్ బ్యాంకుల గురించి రాస్తుంటాను. ఈసారి సబ్జెక్ట్ బైక్ బ్యాటరీ. దీనికీ గ్యాడ్జెట్స్ కీ ఏంటి సంబంధం అనుకుంటున్నారా? ఉంది. మా ఇంట్లో జరిగిన గొడవలో సగం తప్పు నేను బైక్ కి బిగించిన ఫోన్ ఛార్జర్ దే.

మాది ఖమ్మం. నేను హైదరాబాద్ లో సాఫ్ట్ వేర్ జాబ్. ఇంట్లో నాన్న వాడే బైక్ 150 సీసీ, బీఎస్6 మోడల్. సెల్ఫ్ స్టార్ట్ మాత్రమే, కిక్ లేదు. మే నెలలో చెల్లికి ఈఏపీసెట్ (మన పాత ఎంసెట్) ఉందని నేను కూడా ఇంటికి వెళ్ళాను. పరీక్ష ఉదయం 9 గంటలకి, సెంటర్ ఊరి బయట కాలేజీలో. నిమిషం ఆలస్యమైతే గేటు దాటనివ్వరు అనే రూల్ సంగతి మీకు తెలిసిందే. 8 గంటలకి బయల్దేరదామని సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ టిక్ మని సౌండ్. మీటర్ లో లైట్లు డిమ్ అయ్యి ఆరిపోయాయి.

నేను, నాన్న కలిసి వీధి చివరిదాకా బండి తోశాం. సెకండ్ గేర్ వేసి క్లచ్ వదిలాం. రెండు మూడు సార్లు చూశాం, ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు. చెల్లి హాల్ టికెట్ పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఏడవట్లేదు కానీ మొహం చూస్తే నాకే భయం వేసింది. చివరికి ఎదురింటి మామయ్య తన ఆటో తీస్తే 8:52 కి సెంటర్ గేటు లోపలికి వెళ్ళింది. ఎనిమిది నిమిషాలు. రెండేళ్ళ చదువు ఆ ఎనిమిది నిమిషాల మీద ఆగింది.

తిరిగొచ్చాక నాన్న ఒకే మాట అన్నారు. "నువ్వు ఆ ఫోన్ ఛార్జర్ బిగించిన దగ్గర్నుంచే రా ఈ తంటా." నేను సంక్రాంతికి వచ్చినప్పుడు హ్యాండిల్ కి ఒక యూఎస్బీ ఛార్జర్ పెట్టాను, చిన్న వోల్టేజ్ డిస్ప్లే ఉన్నది. "దానికీ దీనికీ సంబంధం లేదు నాన్నా, అదెంత కరెంట్ తీసుకుంటుంది" అని కొట్టిపారేశాను. ఒక్క రీడింగ్ కూడా తీసుకోకుండా. బీటెక్ లో నాలుగేళ్ళు చదివిన వాడిని అనాల్సిన మాట కాదు.

అప్పటికే ఫిబ్రవరిలో ఒకసారి పాత బ్యాటరీ డౌన్ అయితే ఒక షాపులో 1,350 పెట్టి కొత్తది వేయించాం. మూడు నెలలు తిరక్కుండా ఇది. ఫోన్ చేస్తే అదే మాట, "బ్యాటరీ వీక్ సార్, మార్చేద్దాం". ఈసారి మార్చలేదు. ఆ రోజు, మర్నాడు కూర్చుని స్టెప్ బై స్టెప్ చెక్ చేశాను. దొరికింది ఒక తప్పు కాదు, రెండు. ఎలా దొరికాయో, మీ బండికి మీరు ఎలా చూసుకోవాలో ఈ ఆర్టికల్ లో చెప్తాను.

ముందు ఛార్జింగ్ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం

ఇందులో ఉండేవి మూడే ముక్కలు.

మొదటిది స్టేటర్. మెకానిక్ లు దీన్ని మ్యాగ్నెట్ కాయిల్ అనో, కాయిల్ ప్లేట్ అనో అంటారు. ఇంజిన్ పక్కన కవర్ లోపల రాగి తీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాలు ఉన్న చక్రం ఇంజిన్ తో పాటు తిరుగుతుంది. దానివల్ల ఏసీ కరెంట్ పుడుతుంది. ఇంజిన్ స్పీడ్ పెరిగితే ఈ వోల్టేజ్ కూడా పెరుగుతుంది.

రెండోది రెగ్యులేటర్ రెక్టిఫైయర్. షాపుల్లో ఆర్ ఆర్ యూనిట్ అంటే ఇచ్చేస్తారు. వెనక రెక్కల్లాగా అల్యూమినియం ఫిన్స్ ఉన్న చిన్న డబ్బా. ఇది రెండు పనులు చేస్తుంది. ఏసీ ని డీసీ గా మారుస్తుంది, వోల్టేజ్ సుమారు 14.5 దాటకుండా ఆపుతుంది. ఎక్కువైన పవర్ ని అదుపు చేసే పనిలో వేడెక్కుతుంది, అందుకే ఆ ఫిన్స్. సో, ఈ డబ్బా వేడిగా ఉండటం మామూలే. దాని కప్లర్ (ప్లాస్టిక్ కనెక్టర్) కరిగిపోవడం మాత్రం మామూలు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మూడోది బ్యాటరీ. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి సుమారు 2.1 వోల్ట్స్. ఆరు కలిపితే 12.6. అంటే ఫుల్ ఛార్జ్ లో ఉన్న "12 వోల్ట్" బ్యాటరీ అసలు 12 చూపించదు. మీటర్ లో 12.0 వస్తే ఓకే అనుకుంటాం కదా, నిజానికి అది దాదాపు ఖాళీ.

ఫోన్ తో పోల్చి చెప్పాలంటే స్టేటర్ అనేది గోడ సాకెట్, ఆర్ ఆర్ యూనిట్ అనేది ఛార్జర్ అడాప్టర్, మధ్యలో వైర్లూ కప్లర్లూ మన కేబుల్. ఫోన్ ఛార్జ్ ఎక్కకపోతే మనం ముందు కేబుల్ మార్చి చూస్తాం, కొత్త ఫోన్ కొనం. బైక్ కి మాత్రం నేరుగా బ్యాటరీ మార్చేస్తున్నాం.

ఈ మధ్య ఈ ప్రాబ్లమ్ ఎందుకు ఎక్కువగా తెలుస్తోంది?

పాత కార్బ్యురేటర్ బండ్లలో బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే చాలా బండ్లు స్టార్ట్ అయ్యేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక మన దగ్గర ఎక్కువ బైకులు ఫ్యూయల్ ఇంజెక్షన్ కి మారాయి. పెట్రోల్ పంప్, ఇంజెక్టర్, ఈసీయూ అన్నీ కరెంట్ మీదే నడుస్తాయి. కీ ఆన్ చేయగానే గుయ్ మని వినిపించేది ఆ పంప్ శబ్దమే. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసినా లాభం ఉండదు, ఎందుకంటే పంప్ కి, ఈసీయూ కి మేల్కొనేంత కరెంట్ కూడా ఉండదు. ఆ రోజు మేము వీధి చివరిదాకా తోసినా స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే. దానికి తోడు చాలా మోడల్స్ లో కిక్ తీసేశారు.

ఇంకోటి, 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో హెడ్ లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలి. 35 వాట్స్ హాలోజన్ బల్బ్ అంటే 12 వోల్ట్స్ దగ్గర దాదాపు 3 యాంప్స్, పగలూ రాత్రీ. దాని మీద మనం ఫాస్ట్ ఛార్జర్, ఫాగ్ లైట్లు, జీపీఎస్ ట్రాకర్ పెడతాం. 18 వాట్స్ ఫోన్ ఛార్జర్ అంటే సగం హెడ్ లైట్ తో సమానం. సిగ్నల్స్ దగ్గర ఐడిల్ లో ఉన్నప్పుడు స్టేటర్ ఇచ్చే కరెంట్ తక్కువ, ఖర్చు మాత్రం తగ్గదు. మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది.

చెక్ చేయడానికి ఏం కావాలి?

ఒక డిజిటల్ మల్టీమీటర్ చాలు. నేను కోఠి గుజరాతీ గల్లీలో 500 లోపే కొన్నాను. స్క్రూడ్రైవర్, 10 నంబర్ స్పానర్, చేతికి గ్లవ్స్. వీలైతే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. నేను కింద ఇచ్చే నంబర్లు మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న బండ్లకి. లిథియం బ్యాటరీ వేయించుకున్న వాళ్ళకి ఈ నంబర్లు వర్తించవు.

సేఫ్టీ కోసం మూడు మాటలు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. రివర్స్ లో చేస్తే పాజిటివ్ మీద ఉన్న స్పానర్ ఫ్రేమ్ కి తగిలి నిప్పులు వస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైర్ పీకి "ఛార్జింగ్ ఉందో లేదో" చూసే పాత పద్ధతి అస్సలు వద్దు, వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ పోవచ్చు. ఇంజిన్ ఆన్ చేసి చెక్ చేసేవన్నీ ఆరుబయటే చేయండి.

స్టెప్ 1: బ్యాటరీ రెస్ట్ వోల్టేజ్

బండి ఆపి కనీసం నాలుగైదు గంటలు అయ్యాక చూడాలి. రైడ్ చేసి వచ్చిన వెంటనే చూస్తే పైపై ఛార్జ్ వల్ల ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. మీటర్ డీసీ 20 వోల్ట్స్ లో పెట్టి ఎర్ర ప్రోబ్ పాజిటివ్ కి, నల్లది నెగటివ్ కి పెట్టండి.

12.6 నుంచి 12.8: ఫుల్.
12.4: సుమారు ముప్పావు వంతు.
12.2: సుమారు సగం.
12.0: పావు వంతు.
11.9 కంటే తక్కువ: ఖాళీ.

మా బండిలో 11.7 వచ్చింది. ఇక్కడే చాలామంది "బ్యాటరీ పోయింది" అని తేల్చేస్తారు. కానీ ఈ నంబర్ చెప్పేది బ్యాటరీ ఖాళీగా ఉందని మాత్రమే. చెడిపోయిందని కాదు. ఖాళీ అయిన ఫోన్ ని పాడైన ఫోన్ అనం కదా.

స్టెప్ 2: ఛార్జ్ చేసి, సెల్ఫ్ కొట్టి చూడండి

బ్యాటరీ బయటికి తీసి బైక్ బ్యాటరీ ఛార్జర్ తో స్లో గా ఛార్జ్ చేయండి. లెక్క సింపుల్: బ్యాటరీ కెపాసిటీ లో పదో వంతు కరెంట్. మాది 5 ఏహెచ్, అంటే 0.5 యాంప్, రాత్రంతా. కార్ బ్యాటరీలకి వాడే పెద్ద ఛార్జర్ తో గబగబా ఎక్కించకండి, చిన్న బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది.

పొద్దున్నే ఛార్జర్ తీసి, కాసేపు ఆగి చూస్తే 12.6. ఇప్పుడు బండికి పెట్టి, మీటర్ ప్రోబ్స్ బ్యాటరీ మీదే ఉంచి సెల్ఫ్ నొక్కండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఎంతకి పడిందో చూడండి. 9.6 పైన నిలబడితే బ్యాటరీ కి ఇంకా ప్రాణం ఉంది. 9, 8 కి జారిపోతే లోపల సెల్ పోయినట్టే, అప్పుడు మార్చాల్సిందే. రాత్రంతా ఛార్జ్ చేసినా 12.4 దాటకపోయినా అంతే.

మాది 10.3 దగ్గర నిలబడింది. ఒక్క నొక్కుకే స్టార్ట్. అంటే షాపు వాళ్ళు మార్చమన్న బ్యాటరీ బాగానే ఉంది. ఇంకో 1,350 మిగిలింది. మరి ఖాళీ ఎందుకైంది? రెండే అవకాశాలు. ఎక్కాల్సినంత ఎక్కట్లేదు, లేదా ఆపి ఉంచినప్పుడు కారిపోతోంది.

స్టెప్ 3: ఛార్జింగ్ వోల్టేజ్

ఇంజిన్ ఆన్ చేసి, రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, ప్రోబ్స్ బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టండి. ఐడిల్ లో ఒక రీడింగ్, 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక రీడింగ్ తీసుకోండి. హెడ్ లైట్ వెలుగుతూనే ఉండాలి.

4000 దగ్గర 13.5 నుంచి 14.5 మధ్యలో ఉంటే ఛార్జింగ్ బాగుంది, స్టెప్ 6 కి వెళ్ళిపోండి.
13 కంటే తక్కువ ఉంటే ఛార్జింగ్ సరిగ్గా అందట్లేదు.
15 దాటితే ఆర్ ఆర్ యూనిట్ కంట్రోల్ తప్పింది. ఇది ఇంకా డేంజర్. బ్యాటరీ ఉబ్బుతుంది, బల్బులు మాటిమాటికీ పోతాయి. బండి నడపడం ఆపి ముందు ఆర్ ఆర్ సంగతి చూడండి.

మాది ఐడిల్ లో 12.7, 4000 దగ్గర 12.9. అంటే బ్యాటరీ కి ఛార్జ్ ఎక్కట్లేదు, ఉన్నది దిగకుండా పట్టుకుంటోంది అంతే. నేను సంబరపడ్డాను, ఛార్జర్ తప్పు కాదని తేలినట్టే అనుకుని. తొందరపడ్డాను, అది తర్వాత చెప్తా.

స్టెప్ 4: స్టేటర్ చెక్

ఇంజిన్ ఆపండి. స్టేటర్ నుంచి ఆర్ ఆర్ కి వెళ్ళే వైర్లు పట్టుకోండి. మా బండిలో మూడు పసుపు వైర్లు. కొన్ని బండ్లలో రెండే ఉంటాయి. కొన్ని చిన్న బండ్లలో కాయిల్ ఒక కొస ఎర్త్ అయి ఉంటుంది, వాటికి మాన్యువల్ లో చెప్పిన పద్ధతే ఫాలో అవ్వండి. మూడు వైర్ల బండికి ఇలా:

కప్లర్ విప్పి మీటర్ ని ఓమ్స్ లో పెట్టండి. ఒకటి-రెండు, రెండు-మూడు, ఒకటి-మూడు వైర్ల మధ్య రెసిస్టెన్స్ మూడూ దాదాపు సమానంగా, మామూలుగా 1 ఓమ్ లోపు ఉండాలి. చవక మీటర్ లో ప్రోబ్స్ రెండూ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపిస్తుంది, అది తీసేసి లెక్కపెట్టండి.

తర్వాత ఒక్కో పసుపు వైర్ కీ ఇంజిన్ బాడీ కీ మధ్య చూడండి. కనెక్షన్ అస్సలు చూపించకూడదు. చూపిస్తే కాయిల్ ఇన్సులేషన్ కాలిపోయి బాడీ కి తగులుతోంది.

చివరగా కప్లర్ విప్పి ఉంచే మీటర్ ని ఏసీ 200 లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి 4000 దగ్గర ఒక్కో జత మధ్య వోల్టేజ్ చూడండి. ప్రోబ్స్ ముందే గట్టిగా పెట్టుకోండి, చేతులు తగలనివ్వకండి, ఇది షాక్ కొట్టే వోల్టేజే. మాకు 46, 47, 46 వచ్చాయి. అసలు నంబర్ మోడల్ ని బట్టి మారుతుంది, మూడు జతలూ సమానంగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒక జత మిగతా వాటికంటే బాగా తక్కువ ఉంటే కాయిల్ పోయినట్టు.

మా స్టేటర్ పాస్.

స్టెప్ 5: ఎక్కువమంది వదిలేసే టెస్ట్, వోల్టేజ్ డ్రాప్

స్టేటర్ బాగుంటే తప్పు ఆర్ ఆర్ యూనిట్ దే అని నేను కూడా ఫిక్స్ అయ్యాను. కొత్తది ఆర్డర్ పెట్టబోతుంటే మా సందు చివర ఉండే మెకానిక్ బాబాయ్ కి ఒకసారి చూపిద్దాం అనిపించింది. ఆయన మీటర్ ముట్టుకోలేదు. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపి, ఆర్ ఆర్ కప్లర్ మీద వేలు పెట్టి చూశారు. "చెయ్యి పెట్టి చూడు బాబూ. డబ్బా కాలితే కాలనీ, కప్లర్ కాలకూడదు" అన్నారు. కప్లర్ చుర్రుమంది.

దాన్ని నంబర్లలో చూడాలంటే పద్ధతి ఇది. కప్లర్లన్నీ పెట్టే ఉంచి, ఇంజిన్ 4000 దగ్గర, మీటర్ డీసీ 20 లో. ఒక ప్రోబ్ ఆర్ ఆర్ వైపు పాజిటివ్ వైర్ పిన్ కి వెనక నుంచి తాకించండి, రెండోది బ్యాటరీ పాజిటివ్ కి. ఒకే వైర్ రెండు కొసలు కాబట్టి దాదాపు సున్నా రావాలి. 0.2 వరకు ఫర్వాలేదు. అలాగే నెగటివ్ వైపు కూడా.

మాకు నెగటివ్ వైపు 0.1. పాజిటివ్ వైపు 1.1. ఆర్ ఆర్ దగ్గరే నేరుగా కొలిస్తే 14.1. ఇప్పుడు లెక్క చూడండి: 14.1 లోంచి 1.2 తీసేస్తే 12.9. స్టెప్ 3 లో వచ్చిన నంబర్ సరిగ్గా అదే.

అంటే ఆర్ ఆర్ తన పని తాను చేస్తోంది. తన దగ్గర 14.1 కనిపిస్తోంది కాబట్టి అంతా బాగుంది అనుకుంటోంది. మధ్యలో కప్లర్ పిన్ ఒక వోల్ట్ కి పైగా తినేస్తోంది. నాలుగు యాంప్స్ పోతున్నాయి అనుకుంటే 1.1 ఇంటూ 4, దాదాపు 4.4 వాట్స్ వేడి ఒక్క చిన్న పిన్ లో. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. కప్లర్ విప్పి చూస్తే ఒక పిన్ చుట్టూ గోధుమ రంగులో మాడిపోయి ఉంది, పిన్ మీద పచ్చగా చిలుము. వాటర్ సర్వీసింగ్ లో ప్రెషర్ గన్ తో సీటు కింద కొట్టే నీళ్ళు, వానలు, అన్నీ కలిసి చేసిన పని.

ఒకవేళ మీకు ఆర్ ఆర్ దగ్గర కూడా తక్కువ వోల్టేజే వచ్చి, స్టేటర్ మూడు జతలూ సమానంగా ఉంటే అప్పుడు ఆర్ ఆర్ యూనిట్ మార్చండి. అంతకుముందు కాదు.

స్టెప్ 6: బండి ఆపాక కరెంట్ కారుతోందా?

ఇక్కడే ఆగిపోయి ఉంటే నాన్న ముందు నేనే గెలిచేవాడిని. కానీ ఒక డౌట్ మిగిలింది. కప్లర్ ఒక్కరోజులో మాడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నాన్న రోజూ స్కూల్ కి వెళ్ళొస్తుంటే బండి స్టార్ట్ అయింది. సెలవులు మొదలై బండి ఇంట్లో ఉన్నాకే ఎందుకు చచ్చింది?

ఇలా చెక్ చేయాలి. కీ ఆఫ్. బ్యాటరీ నెగటివ్ వైర్ విప్పండి. మీటర్ లో ఎర్ర ప్రోబ్ వైర్ ని 10 యాంప్స్ సాకెట్ లోకి మార్చండి. ఒక ప్రోబ్ నెగటివ్ టెర్మినల్ కి, రెండోది విప్పిన వైర్ కి. కరెంట్ ఇప్పుడు మీటర్ లోంచే పోవాలి. రీడింగ్ దాదాపు సున్నా అయితే మిల్లీ యాంప్స్ రేంజ్ కి మారండి. ఈసీయూ నిద్రపోవడానికి కొంచెం టైమ్ తీసుకునే బండ్లు ఉంటాయి, ఐదు నిమిషాలు ఆగండి. ఈ టెస్ట్ జరుగుతున్నప్పుడు కీ ఆన్ చేయకండి, సెల్ఫ్ అస్సలు నొక్కకండి, మీటర్ కాలిపోతుంది.

గడియారం, ఈసీయూ కోసం కొన్ని మిల్లీ యాంప్స్ పోవడం సహజం. మాకు 29 వచ్చింది. నా యూఎస్బీ ఛార్జర్ వైర్ పీకాను. 2 కి పడిపోయింది.

27 మిల్లీ యాంప్స్ నా ఛార్జర్ వి. ఫోన్ పెట్టకపోయినా సరే, లోపలి సర్క్యూట్ కీ ఆ వోల్టేజ్ డిస్ప్లే కీ కలిపి. వీడియో చూసి బిగించేటప్పుడు నేను వైర్లు నేరుగా బ్యాటరీ కి ఇచ్చాను, ఈజీ గా ఉందని. 27 ఇంటూ 24 గంటలు అంటే రోజుకి 648 మిల్లీ యాంప్ అవర్స్. మన ఫోన్ బ్యాటరీ పక్కన పెట్టి చూస్తే చిన్న నంబరే. కానీ బైక్ లో ఉన్నది మొత్తం 5000. చెల్లి పరీక్షకి ముందు బండి నాలుగు రోజులు కదల్లేదు. నాలుగు రోజులకి దాదాపు 2600, అంటే సగం బ్యాటరీ. అది కూడా మాడిన కప్లర్ వల్ల ముందే సగం కడుపుతో ఉన్న బ్యాటరీలోంచి.

మా జాబ్ లో ఇలాంటి బగ్స్ చూస్తుంటాం. రెండు తప్పులు, విడివిడిగా ఏదీ కనపడదు. కప్లర్ బాగుంటే రోజువారీ రైడ్ లో ఛార్జర్ తినేది తిరిగి ఎక్కేసేది. ఛార్జర్ లేకపోతే మాడిన కప్లర్ తో కూడా బండి ఇంకొన్నాళ్ళు నడిచేది. రెండూ కలిసి, సెలవులు తోడై, కరెక్ట్ గా పరీక్ష రోజు బయటపడ్డాయి.

ఎలా సరిచేశాం?

కప్లర్: మాడిన దాన్ని కోసి పారేసి, స్పేర్స్ షాపులో కొత్త కప్లర్, పిన్స్ తెచ్చాం. బాబాయ్ పిన్స్ క్రింప్ చేసి ఇచ్చారు. వైర్లు మెలితిప్పి టేప్ చుట్టడం వద్దు, ఆరు నెలల్లో అక్కడే మళ్ళీ వేడి. చివర్లో నీళ్ళు పోకుండా కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు. బ్యాటరీ టెర్మినల్స్ కూడా ఎమరీ పేపర్ తో రుద్ది టైట్ చేశాం. కప్లర్, పిన్స్, గ్రీజు, ఆయన కూలి అన్నీ కలిపి 300 లోపే.

ఛార్జర్: తీసేయలేదు, సరిగ్గా పెట్టాం. చిన్న రిలే వేసి, కీ ఆన్ చేస్తేనే ఛార్జర్ కి కరెంట్ వెళ్ళేలా మార్చాం. బ్యాటరీ పాజిటివ్ పక్కనే 3 యాంప్స్ ఫ్యూజ్. ఫ్యూజ్ లేకుండా నేరుగా బ్యాటరీ కి ఏ వైర్ ఇచ్చినా, అది ఎక్కడో ఒరుసుకుని ఫ్రేమ్ కి తగిలితే బండే కాలిపోవచ్చు. నేను నాలుగు నెలలు అలాగే వదిలేశాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

తర్వాత రీడింగ్స్: 4000 దగ్గర 14.0, పాజిటివ్ వైపు డ్రాప్ 0.05, కీ ఆఫ్ లో 2 మిల్లీ యాంప్స్. వారం రోజులు బండి కదల్చకుండా ఉంచి సెల్ఫ్ కొట్టాం. ఒక్క నొక్కుకే స్టార్ట్.

మీరు చేయకూడనివి, చేయాల్సినవి

బ్యాటరీ ని ఖాళీగా రోజుల తరబడి వదిలేయకండి. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ శాశ్వతంగా పోతుంది. ఫిబ్రవరిలో పోయిన మా పాత బ్యాటరీ కి బహుశా అదే జరిగింది, మూడేళ్ళ వయసు కూడా తోడైంది.

బండి పది రోజులు పైగా వాడకపోతే నెగటివ్ వైర్ విప్పేయండి. రోజూ ఐదు నిమిషాలు ఐడిల్ లో ఉంచితే ఛార్జ్ ఎక్కుతుంది అనుకోకండి, సెల్ఫ్ కి పోయినంత కూడా తిరిగి రాదు.

కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే, వేయించిన వెంటనే స్టెప్ 3, స్టెప్ 6 చేసుకోండి. పది నిమిషాల పని. కారణం అలాగే ఉంటే కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

ఛార్జర్, ట్రాకర్, లైట్లు ఏవి పెట్టించినా కీ ఆఫ్ లో ఎన్ని మిల్లీ యాంప్స్ పోతున్నాయో ముందూ తర్వాతా రాసుకోండి. ఇకపై ఈ సైట్ లో బైక్ ఛార్జర్ల రివ్యూ రాసినప్పుడు నేను ఈ నంబర్ తప్పకుండా ఇస్తాను. ఎన్ని వాట్స్ ఫాస్ట్ ఛార్జింగ్ అని డబ్బా మీద రాస్తారు, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తింటుందో ఎవరూ రాయరు.

చెల్లి రాసిన పరీక్ష బాగానే వచ్చింది అంది. నాన్నకి మీటర్ లో 29, తర్వాత 2 చూపించి, "మీరు చెప్పింది సగం కరెక్టే నాన్నా" అన్నాను. ఆయన మీటర్ ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతా సగం కప్లర్ దా? సరే, దీన్ని ఇక్కడే ఉంచి వెళ్ళు" అన్నారు. నేను హైదరాబాద్ కి ఇంకో మల్టీమీటర్ కొనుక్కున్నాను.